తొంభై అడుగుల గుడ్డ: తాతయ్య కోసం ఒక ప్రాజెక్టు డైరీ

ఉగాది అయిన వారం

ఈ వైశాఖ పౌర్ణమికి మా తాతయ్యకు తొంభై నిండుతాయి. పుట్టింది ధాత నామ సంవత్సరం, అంటే 1936. ఆధార్‌లో మాత్రం 1937 జులై 1 అని ఉంటుంది. ఆ తరంలో జులై 1న పుట్టినవాళ్లు మా వీధిలోనే బోలెడుమంది! సహస్ర చంద్ర దర్శనం 2017లోనే పెదనాన్న వాళ్లు చేసేశారు. హోమం, భోజనాలు, శాలువాలు అన్నీ అయిపోయాయి. ఈసారి ఏం చేద్దామంటే తాతయ్య ఒకటే మాట అన్నాడు: "నన్ను కుర్చీలో కూర్చోబెట్టి దండలు వెయ్యకండర్రా. చేతులకు పని ఉండేదేదన్నా చూడండి."

అందరికీ ముందు తోచేది ఫొటోల ఆల్బం. మాకు ఆ దారి లేదు. మాది విజయవాడలో సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి ఇంట్లోకి వచ్చిన నీళ్లు రోజుల తరబడి కదల్లేదు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. నీళ్లు తీశాక బీరువాలో దొరికిన ఆల్బంలు ముద్దలయిపోయి ఉన్నాయి. మంచం కింద ఉన్న ట్రంకు పెట్టె ఒక్కటీ బురద నింపుకుని బతికింది. అందులో ఉన్నది సీసం అక్షరాలు.

తాతయ్య గవర్నరుపేటలో కంపోజిటరు, అంటే అచ్చు కోసం సీసం అక్షరాలు పేర్చేవాడు. 1950 ప్రాంతంలో పద్నాలుగేళ్లకు ప్రెస్సులో చేరాడు. కంప్యూటరు మీద పేజీలు కూర్చే డీటీపీలు వచ్చి ప్రెస్సు మూసేసే రోజున, రావలసిన జీతం బాకీ కింద యజమాని ఈ పెట్టె ఇచ్చాడట. మిగతా అక్షరాలన్నీ తూకానికి పాత సీసం వ్యాపారికి వెళ్లాయి. తర్వాత డెబ్బై అయిదేళ్లు వచ్చేదాకా ప్రూఫులు దిద్దాడు.

అందుకని ఫొటోలు లేని జీవితాన్ని అక్షరాలతోనే చూపిద్దామనుకున్నాం. ఒక పొడవాటి గుడ్డ, ఏడాదికి ఒక అడుగు చొప్పున. అడుగడుక్కీ పైన ఆ ఏటి అంకె అచ్చు వేయాలి. కింద ఆ ఏడు తాతయ్యకు ఏం గుర్తుందో రెండు మూడు లైన్ల కార్డు పిన్నీసుతో పెట్టాలి.

గుడ్డ

వన్‌టౌన్‌లో వస్త్రలత చుట్టుపక్కల తిరిగి గాడా గుడ్డ తీసుకున్నాం. పెడన వైపు కలంకారీ అద్దేవాళ్లు వాడే రకం అది, మోటుగా, కొంచెం పసుపు ఛాయలో ఉంటుంది. షాపువాళ్లు మీటర్లలో కొలుస్తారు, నేను అడుగుల్లో లెక్క వేసుకున్నాను, తాతయ్య మాత్రం "ముప్ఫై గజాలు, పైన ఇంకో మూడు" అన్నాడు. గజానికి మూడు అడుగులు కాబట్టి తొంభై అడుగులకు సరిగ్గా ముప్ఫై గజాలు. పైన మూడు ఎందుకో ఉతికాక తెలిసింది. గంజి వదిలేలా సోడా వేసి ఉడికించి ఆరేస్తే రెండు గజాల దాకా కుంచించుకుపోయింది. కొలతలు ఉతికిన తర్వాతే వేయాలి. ఇలాంటి పని పెట్టుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే.

వెడల్పు సగానికి చింపాం. మేడ మీద తీగ కట్టి ఆరేస్తుంటే పక్కింటి పిన్నిగారు వచ్చి ఎవరిదైనా పెళ్లి పందిరా అని అడిగి వెళ్లింది.

ఇక అసలు తగాదా మొదలైంది. 1936 నుంచి 2026 దాకా అంటే అంకెలు తొంభై ఒకటి వస్తాయి. తొంభై నిండితే తొంభై అడుగులే ఉండాలని బాబాయ్ అంటాడు. "నడుస్తున్న ఏడు ఎవడిది మరి?" అని తాతయ్య. తాతయ్యే గెలిచాడు.

పెట్టె

సీసంతో పని కాబట్టి చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వలేదు. పాత సీసం మీద తెల్లటి పొడి పడుతుంది, అది పీలిస్తే ప్రమాదం. గ్లౌజులు, మాస్కు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి చేశాం. తాతయ్య మాత్రం నలభై ఏళ్లు ఉత్త చేతులతో పట్టుకున్నాడు, అదే చేతులతో బల్ల దగ్గరే టీ తాగాడు. "మాకెవడు చెప్పాడు" అంటాడు. ఆయనకు కూడా గ్లౌజులు వేశాం, పది నిమిషాల్లో తీసేశాడు.

బురద ఎండి అక్షరాల సందుల్లో గట్టిపడిపోయింది. కిరోసిన్ ఇప్పుడు దొరకడం కష్టమే. దొరికిన కొంచెంలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో ఒక్కోటి రుద్దాం. ఇనుప బ్రష్షు వాడితే అక్షరం ముఖం, అంటే అచ్చు పడే వైపు, గీరుకుపోతుంది. సీసం, యాంటిమొనీ, తగరం కలిపిన లోహం అది. చూడ్డానికి గట్టిగా ఉన్నా గోటితో కూడా గాటు పడే చోట్లుంటాయి.

తాతయ్యకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. చిన్న అక్షరం ముఖం కనపడదు. కానీ ప్రతి అచ్చు అక్షరానికీ కడ్డీ పక్కన ఒక గాటు ఉంటుంది, ప్రెస్సులో నిక్ అంటారు. బొటనవేలు దాని మీద పడితే చాలు, అక్షరం ఎటు తిరిగి ఉందో తెలిసిపోతుంది. ఏ అక్షరమో నేను చదివి చెప్పాను. ఎటు నిలబెట్టాలో ఆయన వేలు చెప్పింది. అక్షరాలు పెట్టుకునే అరల పెట్టెను కేసు అంటారు. తెలుగు కేసు అంటే గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి వందల అరలు. మా దగ్గర కేసు లేదు. స్వీటు షాపు అట్టపెట్టెలు, కోడిగుడ్ల అట్టలు పేర్చి అరలు చేశాం.

తేలింది ఇదీ: 18 పాయింట్ అక్షరాలు ఒక మోస్తరుగా ఉన్నాయి. పాయింటంటే అంగుళంలో 72వ వంతు, కాబట్టి 18 అంటే పావు అంగుళం. కార్డులకు సరిపోతుంది. పోస్టర్లకు వాడే పెద్ద చెక్క అంకెల సెట్టు ఒకటి ఉంది. నీళ్లలో నానినందుకు రెండు వంకర పోయాయి, బల్ల మీద బరువు పెట్టి ఉంచితే చాలావరకు సరయ్యాయి. "ఘ" ఒక్కటి కూడా లేదు. దానికి మేం చేసిందల్లా ఆ అక్షరం ఉన్న మాటలు రాయకపోవడమే.

అంకెలు

గుడ్డ మీద అద్దడానికి ప్రెస్సు ఇంకు పనికిరాదు, నూనె చుట్టూ పాకుతుంది. స్క్రీన్ ప్రింటింగువాళ్లు వాడే పిగ్మెంటు రంగు, అది గుడ్డను పట్టుకునేలా చేసే బైండరు కలిపి తెచ్చాం. ఆరిన తర్వాత వెనక వైపు నుంచి ఇస్త్రీ చేస్తే పట్టుకుంటుంది. కింద పాత దుప్పటి మడతలు వేసి, దాని మీద గుడ్డ పరిచి, పైనుంచి చెక్క అంకెలు నొక్కాలి. మెత్త ఎక్కువైతే అంచులు ముద్దగా వస్తాయి, తక్కువైతే మధ్యలో తెల్లగా మిగులుతుంది. ఇది చేసి చూస్తేగానీ చేతికి రాదు.

ఒక్కో అంకె విడిగా అద్దుకుంటూ పోతే సులువే. తాతయ్య ససేమిరా అన్నాడు. నాలుగంకెలూ చెక్క చట్రంలో బిగించి ఒకేసారి పడాలి, లేకపోతే లైను కుదరదట. బిగిస్తే అంకెలకు కొరత వస్తుంది. సెట్టులో ఏ అంకైనా రెండే. 1999 వచ్చేసరికి మూడు తొమ్మిదులు కావాలి. తాతయ్య ఆరును తిరగేసి పెట్టాడు. 2000కి మూడు సున్నాలు కావాలి. చెక్క తెలుగు అక్షరాలు ఒకటి రెండు ఉంటే వాటిలోంచి "ం" తీసి పెట్టాడు. కొలత కాస్త చిన్నదే గానీ గుడ్డ మీద చెబితే తప్ప తెలియదు. 2022కి మాత్రం ఏ కిటుకూ పనిచేయలేదు. చివరి రెండును రెండో విడతలో వేయాల్సి వచ్చింది. అది వేసేటప్పుడు ఎవరినీ చూడనివ్వలేదు.

ఏళ్లు

సాయంత్రాలు కూర్చుని రికార్డు చేసుకుంటున్నాం. ఫోన్ పెట్టి "నీ చిన్నతనం గురించి చెప్పు" అంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. "ఆ ఏడు ఏం కంపోజ్ చేశావు?" అని అడిగితే ఆగదు. ఈ కిటుకు ఆలస్యంగా దొరికింది కానీ అది దొరికాకే పని నడిచింది.

1952, మొదటి ఎన్నికలు. అప్పటికి ఇది మద్రాసు రాష్ట్రం. బెజవాడ నుంచి లోక్‌సభకు గెలిచింది హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ, సరోజినీ నాయుడి తమ్ముడు, ఇండిపెండెంటు. తాతయ్యకు ఆయన రాజకీయం తెలియదు, పేరు మాత్రం మరిచిపోలేదు. కరపత్రం నిండా ఆ పేరే. "ట్టో"లు, "ధ్యా"లు అయిపోయాయి. సగం చోట్ల లావు అక్షరం, సగం చోట్ల సన్న అక్షరం వేసి వదిలారట. తాతయ్యకు అప్పటికి కంపోజింగు ఇవ్వలేదు, అచ్చయిన ఫారం, అంటే పేర్చి బిగించిన అక్షరాల పేజీ, విప్పి ఏ అక్షరాన్ని ఆ అరలో వేయడమే పని. ఆ "ధ్యా"లు అరలో వేసింది తనే అని ఇప్పటికీ గర్వం.

అదే ఏడు కృష్ణ మీద పాత ఆనకట్ట తెగింది. డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు పోయారు. ఆ వార్తతో ఊరు అట్టుడికింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. తాతయ్య కార్డు మీద వేయించింది మాత్రం ఇదీ: "మద్రాసు స్టేట్ అని ఉన్న లెటర్‌హెడ్లన్నీ మళ్లీ వేశాం. మూడు నెలలు చేతినిండా పని." ఆయన లెక్కలో రాష్ట్రాలు మారడమంటే అది. 1956లో మళ్లీ మారాయి, 2014లో ఇంకోసారి. ఉన్నచోటు నుంచి కదలకుండా నాలుగు రాష్ట్రాల్లో బతికాడు.

1957 ఒక్క అడుగులో పట్టలేదు. ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. అంతకుముందు రూపాయికి పదహారు అణాలు, ఇప్పుడు వంద పైసలు. పావలా అంటే 25, అర్ధ రూపాయంటే 50, అక్కడిదాకా ఇబ్బంది లేదు. అణా అంటే ఆరుంపావు పైసలు, తగాదా అంతా ఆ పావు దగ్గరే. కిరాణా కొట్లు, హోటళ్లు, సినిమా హాళ్లు అన్నీ గోడకు తగిలించుకునే మార్పిడి పట్టీలు కావాలన్నాయి. పట్టీ అంటే అంకెలే. ప్రెస్సులో అంకెలు అరిగిపోయాయట. మే నెలలో టంగుటూరి ప్రకాశం పంతులు గారు కన్నుమూశారు. ఏడాది తిరిగేలోపు ఆయన పేరుతో బ్యారేజీ వచ్చింది. అప్పటిదాకా గుంటూరు వైపు వెళ్లాలంటే రైలో పడవో, ఇప్పుడు బస్సు. 1958లో మంగళగిరి నుంచి పెళ్లికూతురు ఆ బ్యారేజీ మీదుగానే వచ్చింది. తన శుభలేఖ తాతయ్య తనే కంపోజ్ చేసుకున్నాడు. యజమాని కూలి కట్టుకోలేదు గానీ కాయితం ఖర్చు పట్టుకున్నాడట. ఆ అడుగులో నాయనమ్మ పట్టుచీర అంచు ముక్క ఒకటి కుట్టాలని అత్తయ్య పట్టుబట్టింది. వరదలో తడిసి రంగు దిగిన ముక్కే, కుట్టేసింది.

1966లో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు". నినాదం చిన్నది, పెద్ద అక్షరాల్లో బాగుండేదని తాతయ్య మెచ్చుకోలు. 1972లో ప్రత్యేక ఆంధ్ర కోసం జై ఆంధ్ర ఉద్యమం. డిసెంబరు 25న ఆ ఉద్యమ నాయకుడు కాకాని వెంకటరత్నం గారు పోయినప్పుడు నల్ల అంచు పత్రాలు వేశారు. ఎమర్జెన్సీలో కొందరు కింద ప్రెస్సు పేరు లేకుండా కరపత్రం వేసిపెట్టమని అడిగేవారట. 1867 నాటి చట్టం ప్రకారం ప్రెస్సు పేరు, ఊరి పేరు వేయకపోతే నేరం. యజమాని వేయనన్నాడు. తాతయ్య ఈ మాట చెప్పి, "వేసి ఉంటే బాగుండేదేమో" అన్నాడు. అది కార్డు మీద వేయమంటావా అంటే వేయమన్నాడు.

1977 నవంబరు 19, దివిసీమ. పది వేల మందికి పైగా పోయిన ఉప్పెన. ఆ వారం ప్రెస్సులో పెళ్లి శుభలేఖలు పక్కన పెట్టి రసీదు పుస్తకాలు వేశారు. చందాలకు, బట్టలకు, బియ్యానికి అన్నిటికీ నంబరు వేసిన రసీదులే. అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన ఒకాయన నాగాయలంకలో తప్పిపోయిన తన వాళ్ల పేర్లు అచ్చు వేయించుకున్నాడట. ఆ పేర్లు చెప్పబోయి తాతయ్య ఆగిపోయాడు. రికార్డింగు ఆపమన్నాడు. కార్డులో "రసీదు పుస్తకాలు" అని మాత్రమే ఉంది.

1982–83లో తెలుగుదేశం. పసుపు ఇంకు కరువు. 1988 డిసెంబరు చివర వంగవీటి మోహనరంగా హత్య తర్వాత కర్ఫ్యూ. ఆ కార్డు మీద "నడిచి ఇంటికి" అని రెండే మాటలు.

ఇంకో సంగతి. కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలను గుర్తుపట్టే యూనికోడ్‌లో తెలుగు చేరింది 1991లో. అప్పటికి తాతయ్య ఇంకా సీసమే పేరుస్తున్నాడు. ఇప్పుడు నేను ఫోన్‌లో టైపు చేసింది పెద్దది చేసి చూపిస్తే, దాన్ని చూసి ఆయన స్టిక్కులో, అంటే చేత్తో పట్టుకునే చిన్న చట్రంలో, అక్షరాలు తిరగేసి పేరుస్తున్నాడు.

ఖాళీ అడుగులు

మా పెదనాన్న కొడుకు, అంటే అన్నయ్య, ఖాళీగా ఉన్న ఏళ్లకు ఇంటర్నెట్ నుంచి జాబితా తెచ్చాడు. 1969లో చంద్రుడి మీద మనిషి, 1983లో ప్రపంచ కప్పు, ఇట్లా. చూడ్డానికి నిండుగా ఉంటుందని. తాతయ్య విని, "చంద్రుడి మీదకి ఎవడో వెళ్లాడు, నేను వెళ్లలేదుగా. నా గుడ్డ మీద నాకు తెలియంది వేయకండి" అన్నాడు.

అన్నయ్యకు కోపం వచ్చింది, నాకు సంతోషమేసింది. తొంభై ఏళ్లలో జరిగిన ప్రతిదానికీ ముసలివాళ్లను సాక్షిగా నిలబెట్టడం మనకు అలవాటైపోయింది. ఆయన చూసినవి చాలు. 1964, 65 రెండూ పూర్తిగా ఖాళీ. ఆ రెండేళ్లూ తాతయ్య విజయవాడలో లేడని పెదనాన్నకు తెలుసు, ఎక్కడున్నాడో తెలియదు. అడిగితే తాతయ్య నవ్వుతాడు. అంకెలు మాత్రం అద్దాం.

మార్పుల్లో తాతయ్య అన్నిటికంటే పెద్దగా చెప్పేది 1979 కింద ఉంది: ఇంట్లో కొళాయి. ఎన్నికలు, రాష్ట్రాలు, కంప్యూటరు అన్నీ దాని తర్వాతే. అంతకుముందు నాయనమ్మ తెల్లవారుజామున వీధి పంపు దగ్గర బిందె వరసలో పెట్టి వచ్చేది. ఈ కార్డు ఒక్కటే నాలుగు లైన్లు దాటింది.

కార్డులు

కార్డులు అచ్చు వేయడానికి మిషను అక్కర్లేదని తాతయ్య చెప్పాడు. గవర్నరుపేటలో ఒక పాత ప్రెస్సులో ట్రెడిల్ అనే పాత అచ్చు మిషను ఇంకా నడుస్తోంది. ఇప్పుడు దాని మీద అక్షరాలు వేయరు, బిల్లు పుస్తకాలకు నంబర్లు, శుభలేఖలకు మడత గీతలు వేస్తారు. ఆ ఓనరు తాతయ్యను చూడగానే "రండి బాబాయ్ గారూ" అని కుర్చీ వేశాడు. గాలీ (అక్షరాలు పేర్చే పళ్లెం) ఒకటి, రబ్బరు రోలరు ఒకటి అరువిచ్చాడు. గాలీలో అక్షరాలు పేర్చి దారంతో కట్టి, రోలరుతో ఇంకు పూసి, కార్డు పెట్టి ఇంకో రోలరుతో నొక్కితే అచ్చు పడుతుంది. వెనకట ప్రూఫులు తీసింది అట్లాగే.

ఒక్క కార్డు అయ్యాక అక్షరాలు విప్పి అరల్లో వేస్తేగానీ ఇంకోటి కుదరదు. ఆ విప్పే పని నాది. పద్నాలుగేళ్ల తాతయ్య చేసిన పనే ఇప్పుడు నేను చేస్తున్నాను, ఆయనకంటే చాలా నెమ్మదిగా. ఒక అక్షరం తప్పు అరలో పడితే వెనక నుంచి చిన్న దగ్గు వినిపిస్తుంది.

మే 3, ఆదివారం

పౌర్ణమి శుక్రవారం, మేడే నాడు పడింది. ఇంట్లో పూజ ఆ రోజే అయింది, జనం మాత్రం ఆదివారం వచ్చారు. గోడలు సరిపోవు కాబట్టి వీధిలో షామియానా గుంజలకు తాడు కట్టి గుడ్డ వేలాడదీశాం. గాలికి ఎగరకుండా కింద అంచులో వెదురు బద్దలు దూర్చాం. ఎండకు పిగ్మెంటు ఏమవుతుందోనని టెన్షన్ పడ్డాను, ఏమీ కాలేదు.

వచ్చినవాళ్లు ముందు తమ పుట్టిన ఏడు వెతుక్కుంటున్నారు. అక్కడ నిలబడి ఫొటో దిగి, తర్వాత అటూ ఇటూ చదువుతున్నారు. పిల్లలు 2024 దగ్గరే ఆగిపోయారు, ఆ కార్డు వాళ్లకు అర్థమయ్యేది: "నీళ్లు. మేడ మీద ఉన్నాం. పెట్టె మిగిలింది." దాని పక్కనే స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ విగ్రహం కార్డు. ఆ మైదానంలో జనవరిలో పుస్తకాల పండగ జరిగినన్నాళ్లూ తాతయ్య ఏటా వెళ్లి కొత్త పుస్తకాల్లో అచ్చుతప్పులు వెతికేవాడు. ఆ సంగతి కూడా కార్డులో ఉంది.

సాయంత్రం తాతయ్యతో పనిచేసిన ఒకాయన ఆటోలో వచ్చాడు. ఎనభై ఆరేళ్లు. చేతికర్రతో గుడ్డ మొదటి నుంచీ ఒక్కో అడుగూ చదువుకుంటూ వచ్చి 1983 దగ్గర ఆగాడు. పసుపు ఇంకు మద్రాసు నుంచి తెప్పించారని మేం వేశాం.

"మద్రాసెక్కడిది? బందరు నుంచి తెచ్చాం. బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది నేను."

"నువ్వు తెచ్చింది ఎరుపు" అన్నాడు తాతయ్య.

"ఎరుపు డెబ్బై ఎనిమిదిలో! ఆ చొక్కా మరక చూసి మా ఆవిడ ఎంత గోల చేసిందో నీకు తెలీదూ?"

భోజనాలు పెట్టేదాకా అదే. చివరికి తాతయ్య నన్ను పిలిచి 1983 కార్డు విప్పేయమన్నాడు. కొత్తది కంపోజ్ చేయాలి. మద్రాసు, బందరు రెండూ వేయాలా, ఏదో ఒకటా అన్నది ఇంకా తేలలేదు. ఆ పెద్దాయన వచ్చే ఆదివారం మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు. 1964 సంగతి తనకు కొంచెం తెలుసని కూడా అన్నాడు. తాతయ్య మాత్రం వాడికి మతిమరుపు అంటున్నాడు.